సర్కారు బడికి సర్కారు సొమ్ము

ప్రజల బిడ్డలకు చదువు చెప్పించు భారము ప్రభుత్వముదే యని ఒప్పుకొనని రాజకీయపక్షము నేడు మన దేశమున లేదు. ఆ భారమునకు చాలినంత ధనమును ఏటేట తప్పక కేటాయించిన ప్రభుత్వమును అరుదు. ఈ రెంటినడుమ నున్న దూరమును కొలుచుటకు బడ్జెటు ప్రసంగములకంటె పాత దస్త్రములు మేలు. ఏలయన, ధనము లేదను సమాధానము ఇన్నూరేండ్లుగా ఒక్క తీరుననే వినవచ్చుచున్నను, లేదన్న ధనము ఒక్కసారి ఇచ్చి చేతులు దులుపుకొనదగిన రూపమున ఎప్పటికప్పుడు దొరకుచునే యున్నదనియు, ఏటేట, నెలనెల, బడి యున్నంతకాలము ఇయ్యవలసిన రూపమున మాత్రమే దొరకుట లేదనియు ఆ దస్త్రములను వరుసగా చదివినవారికి తోచకపోదు. ప్రభుత్వ పాఠశాలలకు ప్రభుత్వము ఇప్పటికంటె చాల ఎక్కువ ధనము వెచ్చింపవలెనన్నది ఈ వ్యాసకర్త పక్షము. ఆ ధనము ఏ రూపమున నుండవలెనన్న విషయమున గూడ అంతే పట్టుదల కలదు.

1822లో చెన్నపట్టణపు గవర్నరు సర్ తామస్ మన్రో, తన యేలుబడిలోని జిల్లాలలో ఎన్ని బడులున్నవో, వానిలో నెందరు చదువుచున్నారో, పంతుళ్లకు జీవన మెట్లు గడచుచున్నదో విచారించి వ్రాయుడని కలెక్టరులకు ఉత్తరువు చేసెను. దత్తమండలమున ఏండ్లతరబడి కలెక్టరుగా గ్రామగ్రామము తిరిగినవాడగుటచేత పల్లె యననేమో ఎరిగిన దొర ఆయన. నివేదికలు చేరిన పిమ్మట, 1826 మార్చిలో ఆయన తేల్చిన లెక్క ప్రకారము ఒక కోటి ఇరువదియెనిమిది లక్షల పైచిలుకు జనమునకు 12,498 బడులు, అనగా రమారమి వేయి మందికొక బడి. ఆ నివేదికలలో మనకు మిక్కిలి దగ్గరిది బళ్లారి కలెక్టరు క్యాంప్‌బెల్ 1823లో పంపినది. పూర్వము బడులుండిన పెక్కు గ్రామములలో ఇప్పుడు బడులు లేవనియు, సీమబట్టల దిగుమతిచే చేనేత క్షీణించి జనులు పేదలగుటయు, విద్యకై పూర్వపు ప్రభువులు విడిచిన ఆదాయము నేటి ప్రభుత్వము విడువకుండుటయు దీనికి హేతువులనియు ఆ తెల్లదొర తన ప్రభుత్వమునకే నిర్మొగమాటముగా వ్రాసెను. మన్రో ప్రతి తహసీలునకొక బడిని ప్రతిపాదించి, ఆ బడి పంతులునకు నెలకు 9 రూపాయలు, జిల్లా ముఖ్యస్థలమందలి పంతులునకు 15 రూపాయలు సర్కారీయవలెననియు, తక్కినది పిల్లల జీతములవలన సమకూరుననియు వ్రాసెను. మరుసటి యేటనే ఆయన పత్తికొండలో విషూచివాతబడి మరణించెను. ఆయన బడులును కొలదికాలమునకే ఎత్తివేయబడెను.

1854 నాటి వుడ్ తాఖీదు గ్రాంటుల పద్ధతిని తెచ్చెను. బడి పెట్టుట ఇతరుల పని, కొంత సహాయము చేయుట సర్కారు పని యన్న విభాగము దానితో స్థిరపడెను. 1882 నాటి హంటరు సంఘము ప్రాథమిక విద్యను స్థానిక సంస్థలకు అప్పగింపుమనెను. పన్ను వేయుటకు తగిన బలము లేని చేతులకు ఖర్చు బరువైన పని నప్పగించు మర్యాద ఆనాడే మొదలైనదన్నమాట. తెలుగుజిల్లాలలో బోర్డు స్కూలు అన్న పేరు తాతలనాటి జ్ఞాపకమున నిలిచియుండుటకు కారణమిది. ఆ బోర్డులు చేసిన మేలును తక్కువ చేయరాదు. కోస్తాజిల్లాలలో మొదటి తరము అక్షరాస్యులగు రైతుబిడ్డలలో పెక్కుమంది ఆ బడుల అరుగులమీదనే దిద్దుకొన్నవారు.

ఈ చరిత్రలో మనసు నిలిపి చదువవలసిన ఘట్టము గోఖలే బిల్లుది. 1911 మార్చిలో గోపాలకృష్ణ గోఖలే సామ్రాజ్య శాసనసభలో ప్రవేశపెట్టిన ఆ బిల్లు ఎంత మితమైనదో నేడు చూచిన ఆశ్చర్యము కలుగును. ఆరు మొదలు పదేండ్లలోపు మగపిల్లలకు మాత్రమే నిర్బంధము. అదియు స్థానికసంస్థ కోరినచోట, అప్పటికే కొంత శాతము పిల్లలు బడికి పోవుచున్నచోట మాత్రమే. నెలకు పది రూపాయలకు లోబడిన ఆదాయముగల తల్లిదండ్రులకు ఫీజు లేదు. ఖర్చులో మూడవవంతు స్థానికసంస్థది, రెండువంతులు ప్రభుత్వముది. ఇంత వినయముగా అడిగిన బిల్లును 1912 మార్చిలో 13 వోట్లకు 38 వోట్లతో సభ త్రోసివేసెను. వ్యతిరేకించినవారిలో తెల్ల అధికారులే కాక దేశీయ ప్రముఖులును కలరు. పల్లెవాని బిడ్డ చదివిన పొలము దున్నువా డెవ్వడన్న శంక వారిది. ఆ కాలముననే బరోడా సంస్థానమున శాయాజీరావు గాయక్వాడు 1893లో అమ్రేలీ తాలూకాలో మొదలుపెట్టిన నిర్బంధవిద్యను 1906 నాటికి సంస్థానమంతట అమలు చేసియుండెను. బ్రిటిషు ఇండియాకు లేని ధనము ఒక సంస్థానాధీశుని కెట్లు దొరకెనన్న ప్రశ్నకు ఆ సభలో ఉత్తరము రాలేదు.

1920 నాటి మద్రాసు ప్రాథమికవిద్యా చట్టము స్థానికసంస్థలకు విద్యాపన్ను వేసికొను అధికార మిచ్చెను. మరుసటి యేట ద్వంద్వప్రభుత్వ మేర్పడి, విద్య దేశీయ మంత్రులకు సంక్రమించెను. దానితోకూడ సంక్రమించిన గొప్ప ఆదాయము ఆబ్కారీ! కల్లు, సారా అమ్మిన సొమ్ముతో బడులు నడుపవలసిన విచిత్రస్థితి మంత్రులకు పట్టెను. 1937లో కాంగ్రెసు మంత్రివర్గములు వచ్చి మద్యనిషేధము తలపెట్టినపుడు, బడులకు సొమ్మెక్కడిదన్న ప్రశ్న మహాత్ముని మిగుల బాధించినది. పిల్లలు వడికి, నేసి, తమ బడిఖర్చును తామే చాలవరకు గడించుకొను వార్ధా విద్యాపద్ధతి పుట్టుటకు ఈ చిక్కును ఒక కారణము. ఆ పద్ధతియందలి శిక్షణతత్త్వము వేరు, దాని ఆర్థికము వేరు. పిల్లవాని రాట్నముమీద పంతులు జీతమును ఆధారపరచుట ఎంత పవిత్రసంకల్పముతో చేసినను న్యాయము కాదని చెప్పక తప్పదు. మద్యపు రాబడి లేనిదే ఖజానా నడువదన్న మాట మన రెండు తెలుగు రాష్ట్రములలో నేటికిని వినబడుచుండగా, నూరేండ్లనాటి ఆ చిక్కును చూచి నవ్వుటకు మనకు అర్హత తక్కువ.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట మాట పెద్దదయ్యెను. రాజ్యాంగము 45వ అధికరణమున, పది సంవత్సరములలో పదునాలుగేండ్ల వయసువరకు పిల్లలందరికి ఉచిత నిర్బంధవిద్య నేర్పరచుటకు రాజ్యము యత్నింపవలెనని వ్రాసికొంటిమి. ఆ గడువు 1960తో తీరిపోయెను. విద్యకు ధనమెట్లు కూడబెట్టవలెనో చెప్పుటకు 1948లో నియమితమైన ఖేర్ సంఘము, కేంద్రము తన రాబడిలో పదవవంతును, రాష్ట్రములు ఐదవవంతును విద్యకియ్యవలెనని సూచించెను. ఆ సూచనను ఆచరించుటకంటె తక్కువ ధనముతో ఎక్కువమంది పిల్లలను బడిలో కూర్చుండబెట్టు ఉపాయమును వెదకుట సులభముగా తోచెను. రాజగోపాలాచారి 1953లో మద్రాసు రాష్ట్రపు పల్లెలలో ప్రవేశపెట్టిన పథకము అట్టిది: పూటకు మూడు గంటల చొప్పున రెండు జట్లకు చదువు, తక్కిన పూట తండ్రి చేయు వృత్తి నేర్చుకొనుట. ఉన్న పంతుళ్లతోనే రెట్టింపు పిల్లలకు చదువు చెప్పవచ్చునన్న లెక్క బాగుగనే యున్నది. చాకలి బిడ్డను చాకిరేవునకు, మాదిగ బిడ్డను తోళ్లగుంటకు మరల పంపుచున్నాడన్న ప్రజాగ్రహము దానిని నిలువనీయలేదు. రాజాజీ పదవి వదలెను, తరువాత వచ్చిన కామరాజు పథకమును రద్దుచేసి, 1956లో మధ్యాహ్నభోజనమును విస్తరించి, బడులను పెంచెను. తమిళదేశము తరువాతి కాలమున పొందిన ఫలములో ఈ నిర్ణయమునకు గల భాగము చిన్నది కాదు. తిరువాన్కూరులో 1817 నాటికే విద్యావ్యయము రాజ్యము భరింపవలెనని రాణి గౌరీ పార్వతీబాయి శాసనము చేసియుండెను. కేరళమును గూర్చి మనవారు చేయు ప్రశంసలలో ఈ దీర్ఘకాలవ్యయము ప్రస్తావనకు వచ్చుట అరుదు.

నైజాము ఏలుబడిలోని తెలుగువారి కథ వేరు. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఒక దేశభాషలో ఉన్నతవిద్య సాధ్యమని చూపినమాట నిజమే. కాని ఆ భాష ఉర్దూ యగుటచేత, తెలుగు పల్లెలోని పిల్లవానికి ప్రాథమిక దశ దాటిన చదువు పరభాషలోనే లభించెను. గ్రంథాలయములు, స్వచ్ఛంద పాఠశాలలు నడిపి ప్రజలే ఆ లోటును కొంత పూరించుకొనిరి. 1956 నాటి పెద్దమనుషుల ఒప్పందములో విద్యావసతుల మాట ప్రత్యేకముగా చేరుట ఈ అంతరమునుబట్టియే.

1966లో కొఠారీ సంఘము తన నివేదికలో, ఇరువది సంవత్సరములలో జాతీయాదాయమున ఆరుశాతము విద్యకు వెచ్చింపవలెనని లెక్కకట్టి చెప్పెను. 1968 విద్యావిధానము దానిని అంగీకరించెను. 1986 విధానము మరల అంగీకరించెను. 2020 విధానము మరియొకసారి అంగీకరించెను. ఇన్నిమారులు అంగీకరింపబడిన అంకె మరియొకటి మన పాలనాచరిత్రలో నున్నదో లేదో! కేంద్రము, రాష్ట్రములు, అన్ని శాఖల విద్యావ్యయమును కలిపి ఉదారముగా లెక్కించినను దేశము నేటికిని నాలుగు శాతముచుట్టునే తిరుగుచున్నది. అయితే ఆ సంఘము చెప్పిన రెండవమాట ఇంకను ముఖ్యమైనది. కలవారి బిడ్డయు లేనివారి బిడ్డయు తమ యింటి దగ్గరి బడిలోనే చదువు సమానపాఠశాలా వ్యవస్థ లేనిదే ఆ ధనము వచ్చుట కష్టమని దాని భావము. ధనమును, పొరుగుబడిని సంఘము వేరుచేసి చూడలేదు. మనము వేరుచేసి, మొదటిదానిని నినాదముగను, రెండవదానిని పురాతనవస్తువుగను చేసికొంటిమి.

రెండవమాటను విడిచినందున కలిగిన ఫలము మన కన్నులయెదుటనే యున్నది. మొదట తహసీల్దారు, డాక్టరు, ప్లీడరు తమ బిడ్డలను కాన్వెంటునకు మార్చిరి. పిమ్మట బడిపంతులే తన బిడ్డలను మార్చెను. ఆ పిమ్మట ఆటో నడుపువారును, కూలికి పోవువారును, అప్పుచేసియైనను మార్చుచున్నారు. ఊరిలో నోరున్నవాని బిడ్డ బడినుండి వెడలిన తరువాత బడికప్పు కారినను అడుగువాడు లేడు. నేడు రెండు తెలుగు రాష్ట్రములలోను విద్యార్థులలో దాదాపు సగముమంది ప్రైవేటు బడులలో నున్నారు. దేశపు పల్లెలలో జరుగు అసర్ సర్వేక్షణమున ఒక విశేషము కనబడును: ఆరు మొదలు పదునాలుగేండ్లవారిలో ప్రభుత్వబడిలో నున్నవారు 2018లో 65.6 శాతము కాగా, మహమ్మారి పిమ్మట 2022లో 72.9 శాతమునకు పెరిగి, 2024లో 66.8కి దిగిరి. కష్టకాలమున లక్షలమంది తలుపు తట్టిరి. లోపలికి వచ్చిచూచి, రెండేండ్లలో మరల పోయిరి. వచ్చినవారిని నిలుపుకొనుటకు కావలసిన పంతుళ్లు లోపల లేకపోవుట దీనికి ముఖ్యకారణమని నా నమ్మకము.

ప్రభుత్వమునకు బడులను బాగుచేయుట చేతగాదనువారికి సర్వేలు గురుకులమే సమాధానము. పి. వి. నరసింహారావు పూనికతో 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో మొదలైన ఆ ఆశ్రమపాఠశాల, పల్లెలోని పేదవాని తెలివికి మంచి పంతులు, మంచి తిండి, తీరిక చిక్కినచో ఏమగునో చూపెను. ఆ దారిన పుట్టిన సాంఘికసంక్షేమ గురుకులమునుండి ఒక గిరిజనబాలిక 2014లో పదమూడేండ్ల వయసున ఎవరెస్టు నెక్కినది. గురుకులములను నేను మనసార మెచ్చుకొందును. కాని పరీక్ష పెట్టి కొందరిని ఏరుకొని, వారికి బాగుగా ఖర్చుపెట్టి, ఏరగా మిగిలినవారిని ఊరి బడిలో ఒక పంతులునకు వదలుట విధానము కాజాలదు. గురుకులముల సంఖ్య పెరిగినకొలదియు పక్కయూరి జిల్లాపరిషత్తు ఉన్నతపాఠశాలనుండి చదువరులగు పిల్లలు వెడలిపోయిరి. ఆ బడి ఫలితములు దిగజారగనే, పిల్లలు తగ్గిరన్న కారణమున పోస్టులును తగ్గెను.

పంతుళ్ల విషయమున ప్రభుత్వములు పాటించిన పొదుపునకు పరాకాష్ఠ 398 రూపాయల కథ. 1980 దశకపు తొలిభాగమున ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము స్పెషల్ టీచర్లన్న పేరున నెలకు 398 రూపాయలకు వేలమందిని నియమించెను. పేరు మరచి, అంకెతోనే వారిని పిలుచుట అలవాటయ్యెను. 398 టీచరన్నచో నేటికిని పంతుళ్ల సంఘములలో అందరికిని తెలియును. తరువాత వారిని క్రమబద్ధము చేసినను, ఆ తొలి సర్వీసునకు నోషనల్ ఇంక్రిమెంట్లు కోరుచు వారు దశాబ్దములు విజ్ఞాపనలు మోసిరి. పిమ్మట విద్యావాలంటీర్లు వచ్చిరి. జూన్‌లో రావలసినవారు సెప్టెంబరులో వచ్చి, ఏప్రిల్‌లో పోవుచు, గౌరవవేతనము కొరకు ఎదురుచూచుచు చదువు చెప్పిరి. డీఎస్సీ నోటిఫికేషను కొరకు ఏండ్లతరబడి గదులలో చదువుకొను నిరుద్యోగులొకవైపు, పంతులు లేని తరగతులొకవైపు ఉండు దేశము మనది. 2024లో తెలంగాణమున 11,062, 2025లో ఆంధ్రప్రదేశ్‌లో 16,347 పోస్టులకు డీఎస్సీ జరుగుట సంతోషకరమే. ఏటేట పదవీవిరమణ చేయువారి స్థానములు ఏటేట నిండుటకు ఎన్నికల తేదీతో పనిలేనప్పుడు ఆ సంతోషము నిలుకడ చెందును.

న్యాయస్థానముల భాగము కొంచెము చెప్పి సాగుదును. 1993లో ఉన్నికృష్ణన్‌కును ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమునకును నడచిన వ్యాజ్యమున, పదునాలుగేండ్లలోపు పిల్లలకు విద్య ప్రాథమికహక్కని సుప్రీంకోర్టు తీర్పిచ్చెను. 2002లో 86వ సవరణము, 2009లో విద్యాహక్కు చట్టము వచ్చి, 2010 ఏప్రిల్ 1నుండి అమలయ్యెను. ఆ హక్కునకు ఎంత ఖర్చగునో తపస్ మజుందారు సంఘము ముందుగనే, 1999లో, లెక్కగట్టియుండెను: పదేండ్లలో అదనముగా ఒక లక్షా ముప్పదియారువేల కోట్లకు పైచిలుకు. హక్కు వచ్చినది గాని ఆ లెక్క చట్టములోనికి రాలేదు. 2004లో విద్యకని వేసిన సెస్సు రాష్ట్రములకు పంచుటకు వీలులేని పన్నగుటచేత, పంతుళ్ల జీతములిచ్చు రాష్ట్రములకు దానిలో హక్కుగా వచ్చునది శూన్యము. పథకముల రూపమున, షరతులతో, ఆలస్యముగా వచ్చినదే వచ్చినది.

ఇక, ఎక్కువ ధనమిచ్చిన చదువు బాగుపడునా యన్న వివాదము. దీనిని దాటవేసి ధనము కోరువారిని విమర్శకులు సులభముగా పడగొట్టుదురు గావున నిలిచి విచారింపవలెను. అమెరికాలో 1966 నాటి కోల్‌మన్ నివేదిక, బడుల వసతులలోని తేడాలకంటె ఇంటిస్థితిగతుల తేడాయే పిల్లల చదువును ఎక్కువగా నిర్ణయించుచున్నదని చెప్పినప్పటినుండి, ధనమునకును ఫలితమునకును సంబంధము దుర్బలమన్న వాదము బలపడెను. ఎరిక్ హనుషెక్ దానికి ప్రధానవాది. ఐనను ఆ దేశముననే కోర్టుల ఆజ్ఞలవలన కొన్ని జిల్లాలకు ధనము పెరిగినపుడు ఏమైనదో జాక్సన్, జాన్సన్, పెర్సికోలు పరిశీలించి 2016లో ప్రకటించిరి: పన్నెండేండ్ల బడిచదువు పొడవున తలసరివ్యయము పదిశాతము పెరిగినచో, ఆ పిల్లలు పెద్దవారైన పిమ్మట వారి కూలి సుమారు ఏడుశాతము పెరిగెను, పేదపిల్లలకు మేలు ఇంకను అధికము. పన్నెండేండ్లన్న మాట గమనింపదగినది. ఒక యేడు వచ్చి మరుసటి యేడు పోవు గ్రాంటును గూర్చి వారు చెప్పలేదు.

ఎదుటిపక్షమునకు బలమైన సాక్ష్యము ఇండోనేషియానుండి వచ్చినది. అచ్చట 2005 నాటి చట్టము ప్రకారము అర్హతాపత్రము పొందిన పంతుళ్ల జీతము రెట్టింపయ్యెను. పంతుళ్లు సంతోషించిరి, అప్పుల బాధ తగ్గెను, పిల్లల చదువు మాత్రము రవంతయు కదలలేదని పరిశోధకులు తేల్చిరి. దీనిని ఉపాధ్యాయసంఘములు కోపగించక చదువవలెను. ఉన్న పంతులునకే ఎక్కువ ఇచ్చుట ఒకటి, లేనిచోటికి పంతులును తెచ్చుట మరియొకటి. ఈ భేదమును తేటపరచినది మన ఆంధ్రప్రదేశమే. 2005నుండి ఐదు జిల్లాలలోని కొన్ని వందల ప్రభుత్వబడులలో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్‌లు జరిపిన ప్రయోగములలో, అదనముగా ఒక కాంట్రాక్టు పంతులునిచ్చిన బడుల పిల్లలు ఇయ్యని బడుల పిల్లలకంటె స్పష్టముగా బాగుగా చదివిరి. వస్తుసామగ్రికిచ్చిన గ్రాంటు కథ మరింత చిత్రము: మొదటి సంవత్సరము, ఎదురుచూడని గ్రాంటు వచ్చినపుడు ఫలితము కనబడెను, రెండవ యేడు గ్రాంటు వచ్చునని ముందే తెలియుటచే తల్లిదండ్రులు నోటుపుస్తకములపై తమ ఖర్చు తగ్గించుకొనిరి, ఫలితమును మాసెను. పేదల సంసారములో అది తప్పుకాదు, వివేకము. ఆ బడి గ్రాంటు బీదవాని జేబునకు మేలుచేసినది, చదువునకు చేయలేదు. తల్లి కొనజాలని వస్తువు పంతులొక్కడే.

అదే బృందము పేదపిల్లలకు వోచర్లిచ్చి ప్రైవేటు బడులకు పంపిచూచెను. నాలుగేండ్ల పిమ్మట తెలుగు, గణితములలో వారు ప్రభుత్వబడి పిల్లలకంటె మెరుగు కాలేదు; హిందీవంటి, ప్రభుత్వబడి చిన్నతరగతులలో చెప్పని పాఠములలో మాత్రము ముందుండిరి. ప్రైవేటు బడి ఖర్చు తలకు మూడవవంతే గావున అదియే చవుకయని కొందరు దీనిని చదివిరి. ఆ చవుక ఎక్కడిదో చూడవలదా? డిగ్రీ, బీఈడీ చదివి, పెండ్లియై, ఊరు విడువజాలని ఆడువారికి, నౌకరి దొరకని యువకులకు, ప్రభుత్వపంతులు జీతములో చిన్నభాగమిచ్చి, సెలవునెలలకు అదియు ఇయ్యక చెప్పించుకొను చవుక అది. నిరుద్యోగము తీరిన దినమున ఆ ధర నిలువదు. మరియొకవైపు, ప్రభుత్వపంతులు బడికి రాడన్న ఆక్షేపణను అబద్ధమనలేము. 2003లో ముందుగా తెలుపక చేసిన తనిఖీలలో దేశమందు నాల్గవవంతు పంతుళ్లు బడిలో కనబడలేదు, ఆంధ్రమున గూడ దాదాపు అంతే. దీనికి మందు తనిఖీయే గాని ధనము కోయుట కాదు. తనిఖీ చేయవలసిన మండల విద్యాధికారి పోస్టులే ఇన్‌ఛార్జులతో నడుచుచుండగా ఆ తనిఖీ ఎవరు చేయుదురు?

ఇటీవలి సంవత్సరములలో ధనము రాలేదని ఎవ్వరును అనజాలరు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబరున మొదలైన నాడు-నేడు తొలివిడతలో 15,715 బడులకు బల్లలు, నీరు, మరుగుదొడ్లు, రంగులు వచ్చెను. మూడున్నరవేల కోట్లకు పైగా ఖర్చయ్యెను. తెలంగాణమున 2022లో మొదలైన మన ఊరు మన బడి 26,065 బడులకు 7,289 కోట్ల సంకల్పము. నాడు-నేడు చేసిన బడులను చూచినవారు దానిని నిందింపలేరు. తలుపులేని మరుగుదొడ్డికి భయపడి బడి మానిన ఆడపిల్ల తిరిగివచ్చుట గొప్ప కార్యమే. అదే కాలమున అమ్మఒడి తల్లి ఖాతాలో ఏటికి 15,000 రూపాయలు వేయుట మొదలుపెట్టెను. ప్రభుత్వము మారిన పిమ్మట 2025నుండి తల్లికి వందనమన్న పేరున ప్రతి బిడ్డకును అది విస్తరించెను. ప్రైవేటు బడిలోని బిడ్డ తల్లికిని ఆ ధనము చెందుటచేత, ప్రభుత్వవిద్య పద్దులో కనబడు పెద్దమొత్తము ప్రైవేటు బడి ఫీజుగా మారుట తప్పలేదు. ఆ 15,000లో వేయి రూపాయలు, తరువాత రెండువేలు, బడి మరుగుదొడ్ల, భవనముల నిర్వహణకై మినహాయించుకొనిరి. మరుగుదొడ్డి కట్టుటకు వేలకోట్లు దొరకెను. దానిని దినదినము కడిగించుటకు తల్లికిచ్చిన కానుకలోనుండి కోయవలసివచ్చెను. ఈ వ్యాసమంతటి వాదమును ఒక్క పద్దులో చూపుమని ఎవ్వరైన అడిగినచో నేను చూపునది ఆ మినహాయింపునే.

వంట ఏజెన్సీ స్త్రీల సంగతి అట్టిదే. మధ్యాహ్నభోజనము వండువారికి 2009లో నిర్ణయించిన నెలకు వేయి రూపాయలనే ఆధారముగా చేసికొని కేంద్రము నేటికిని తనవంతు 600 రూపాయలిచ్చుచున్నది. రెండు రాష్ట్రములును తమ ఖజానానుండి కలిపి మూడువేలు చేసినవి. బడినిర్వహణకు సమగ్రశిక్ష నుండి వచ్చు కాంపోజిట్ గ్రాంటు, ముప్పదిమందికి మించి నూరుమందివరకు పిల్లలున్న బడికి, ఏటికి 25,000. సుద్దముక్కలు, రిజిస్టర్లు, కరెంటు బిల్లు, కుళాయి మరమ్మతు, చీపుర్లు, జాతీయపండుగల మిఠాయి అన్నియు దానిలోనే. గోడకు తగిలించిన డిజిటల్ ప్యానెలునకు కరెంటు బిల్లు ఎక్కువైనచో దానిని ఆపివేయు ప్రధానోపాధ్యాయుని మనము తప్పుపట్టలేము.

ఐతే అన్నిటికంటె లోతైన లోటు చట్టములోనే యున్నది. విద్యాహక్కు చట్టపు అనుబంధము ప్రకారము అరువదిమంది పిల్లలవరకు ప్రాథమికబడికి ఇద్దరు పంతుళ్లు. ముప్పదిమందికొక పంతులన్న నిష్పత్తి సరిపోయినట్లే. కాని బడిలో తరగతులైదు! నలుబదిమంది పిల్లలున్న పల్లెబడిలో ఇద్దరు పంతుళ్లు ఐదు తరగతులకు, అన్ని పాఠములు, మధ్యాహ్నభోజనపు లెక్కలు, యాప్‌లలో ఫోటోలు, వోటర్ల జాబితా పనులతో సహా చెప్పవలెను. ఒకరు సెలవు పెట్టినచో ఒకరే. దేశమున ఒకే పంతులుతో నడచు బడులు నేటికిని లక్షకు మించియున్నవి. ఎదుటి సందులోని రేకులషెడ్డు కాన్వెంటులో చెప్పువారికి శిక్షణ లేకపోవచ్చును గాని తరగతికొకరున్నారు. చదువురాని తల్లి కూడ తలలు లెక్కపెట్టగలదు. తల్లిదండ్రులు ఇంగ్లీషునకు, టైకి, బస్సునకు మోసపోయి పోవుచున్నారని మన విద్యావేత్తలు చెప్పు మాటలో కొంత నిజమున్నను, వారు చూచునది మొదట ఈ లెక్కయే.

నిష్పత్తిని తలలనుబట్టి గాక తరగతులనుబట్టి కట్టవలెనన్నది దీనినుండి తేలుచున్నది. 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 117వ జీవోతో మూడు, నాలుగు, ఐదు తరగతులను దగ్గరి ఉన్నతపాఠశాలలకు తరలించి ఈ చిక్కును పంతుళ్లను చేర్చక, పిల్లలను నడిపించి తీర్చజూచెను. ఊళ్లు తిరుగబడెను, తరువాతి ప్రభుత్వము దానిని రద్దుచేసి, ఎన్నుకొన్న ఆదర్శ ప్రాథమికపాఠశాలలలో తరగతికొక పంతులును నియమించుటకు పూనెను. ఈ రెండవ దారియే సరియైనది. కాని అది కొన్ని బడుల కొసంగిన భాగ్యముగా నిలిచినచో మరల గురుకులమునాటి కథయే యగును; పక్కయూరి చిన్నబడిలో పోస్టులు తీసి ఈ బడికి చేర్చిన సర్దుబాటును అదనపు వ్యయమని పిలుచుటకు వీలులేదు.

ధనమెక్కడిదన్నచో, మూడుచోట్ల నున్నది. కేంద్రము విద్యపేర వసూలుచేయు సెస్సు రాష్ట్రములకు పంచదగిన మూలపన్నుగా మారి, ఆర్థికసంఘపు వాటాద్వారా, షరతులు లేక రావలెను. రెండవది, తల్లులకిచ్చు సహాయమును తీసివేయుమనను. అది పేదవాని చేతికి వచ్చు సొమ్ము. కాని దానిని విద్యాశాఖ పద్దునుండి తీసి సంక్షేమపద్దునకు మార్చినచో, బడికి నిజముగా ఎంత చేరుచున్నదో శాసనసభకు తెలియును. మూడవది, 1920 నాటి మద్రాసు చట్టముననే యున్న స్థానిక విద్యాపన్ను. నేటి మన నగరముల చుట్టు ఎకరము కోట్లు పలుకుచున్నది; ఆ స్థలముల రిజిస్ట్రేషను రాబడిలోను, ఆస్తిపన్నులోను ఒక నియతభాగము ఆ మండలపు బడుల పంతుళ్ల పోస్టులకే చెందునట్లు శాసనము చేయుటకు కేంద్రము అనుమతియు అక్కరలేదు. ధనికమండలపు మిగులును అదిలాబాదు, పాడేరు కొండబడులకు పంచు ఏర్పాటు అందులోనే యుండవలెను. లేనిచో హైదరాబాదు శివారునకు మంచిబడులు, మన్యమునకు తాళములు మిగులును. ఇట్లు వచ్చిన ధనము మొదట పోస్టులకు, పిమ్మట నిర్వహణకు, అటుపిమ్మటనే భవనములకు పోవలెను. ఇన్నాళ్లు మనము నడచిన క్రమము దీనికి సరిగా తలక్రిందులు. ప్రారంభోత్సవమునకు శిలాఫలకము కావలసిన మంత్రులకు ఈ వరుస రుచింపదు. రెండవ తరగతికి పంతులు వచ్చెనని ఎవ్వరును రిబ్బను కత్తిరింపరు గదా.